రెండు ఎడమ పక్కల ఓడ

నారాయణఖేడ్,
ఆగస్టు 9.

విశాఖపట్నంలో ఓడబొమ్మల సంఘం నడిపే పీటర్ గారికి, నారాయణఖేడ్ నుంచి సిద్ధలింగమ్మ శరణార్థులు. మాలో నమస్కారానికి ఇదే మాట. ఇక్కడ మేము బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాను.

మీ సంఘం గురించి పేపర్లో చదివాను. చెక్కతో చిన్న ఓడ చేయాలనుకునేవాళ్లకు ప్లాను ఊరికే పంపిస్తారట, సందేహాలు కూడా తీరుస్తారట. నాకు ఒక ఓడ ప్లాను కావాలి.

మా ఊరికి సముద్రం ఏ దిక్కున ఉందో కూడా ఇక్కడ ఎవరికీ పట్టదు. నేనైతే ఇంతవరకు ఓడను కళ్లారా చూడలేదు. మరి ఓడే ఎందుకని మీరు అడుగుతారు. ఇల్లు చేశాననుకోండి, మా ఊళ్లో ప్రతివాడూ మేస్త్రీయే, గడప వంకరగా ఉందంటాడు. ఎడ్లబండి చేస్తే చక్రం చిన్నదయిందంటాడు. ఓడకు వంక పెట్టాలంటే ముందు ఓడ గురించి తెలియాలి కదా. ఆ ధైర్యంతోనే మీకు రాస్తున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. మా ఆయన జగదేవప్ప కందులు, పెసలు కొని హైదరాబాద్ పంపే వ్యాపారం చేస్తారు. పెళ్లయినప్పటి నుంచి నా మీద ఆయనది ఒకటే మాట, "నువ్వేది ముట్టినా సగమే." నేను అల్లిన స్వెటరుకు ఒక చెయ్యి లేని మాట నిజమే. పూసలతో కుట్టిన బసవన్నకు ఒకటే కొమ్ము ఉన్న మాటా నిజమే. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసినన్నాళ్లు ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక మిగిలేది కాదు. ఇప్పుడు రిటైరయ్యాను. ముందు గదిలో బల్ల వేసుకుని, నా సామాను సర్దుకున్నాను. మొన్న ఆయన ఆ గది గుమ్మంలో నిలబడి నాలుగు మూలలూ చూసి, "గీ గదిల మస్తు బస్తాలు వడ్తయి. నీ సగం సగం సామానంత తీసెయ్" అన్నారు.

నేను తీయనన్నాను. మాటా మాటా పెరిగింది. ఆఖరుకు ఆయనే ఒక ఒప్పందం చెప్పారు. "కొత్త కందులు దిగేలోపట ఏదన్న ఒక్కటి పూరాగ చేసి గా బల్ల మీద నిలవెట్టు. అయితే గది నీది, ఇగ నేను బస్తా మాట ఎత్త. కాకుంటే మొదటి బండి గీడ్నే దిగుతది." నేను ఓడ చేస్తానన్నాను. ఆయన నవ్విన నవ్వు మీరు వినలేదు కాబట్టి మీకు నా పట్టుదల తెలియదు.

ప్లాను త్వరగా పంపగలరు. కంది విత్తనం వేసి చాలా రోజులయింది.

ఇట్లు,
సిద్ధలింగమ్మ.

తా.క.: పేపర్లో మీ చిరునామా ఉంది గానీ ఫోన్ నంబరు లేదు. ఫోను లేదా, ఇవ్వడానికి మనసు లేదా?


విశాఖపట్నం,
ఆగస్టు 17.

సిద్ధలింగమ్మ గారికి పీటర్ నమస్కారాలు. దేవుని దయవల్ల నేనూ నా దగ్గూ కులాసా.

ముందుగా ఒక మాట. బొమ్మ కాదమ్మా, నమూనా. బొమ్మను చూసి ముచ్చటపడతాం, నమూనాను కొలిచి చూస్తాం.

ఫోను ఉంది, నంబరు ఇవ్వను. ఫోనులో చెబితే సగం విని చెక్క కోసేస్తున్నారు. ఉత్తరమైతే రెండోసారి చదువుకుంటారు.

ప్లాను జతచేశాను. నేనే గీశాను. రెండు తెరచాపల పాతకాలపు సరుకు ఓడ. కొలత ఒకటికి యాభై, అంటే అసలు ఓడలో యాభై అడుగులున్నది మీ బల్ల మీద ఒక్క అడుగు ఉంటుంది. ఈ లెక్క ఓడకు మాత్రమే కాదు. తాడు, నిచ్చెన మెట్టు, తలుపు గొళ్లెం, అన్నిటికీ ఇదే లెక్క. ఒక్క తాడు లావైనా చాలు, ఓడ మొత్తం అబద్ధమైపోతుంది.

ముందు ఓడ పొడవునా వెన్నుపలక నిలబెట్టండి. దానికి ప్లానులో ఉన్నట్టు పక్కటెముకలు అతికించండి. వాటి మీద సన్నని చెక్కపట్టీలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటూ రండి. చెక్క తేలికది తీసుకోండి. పట్టీని వేడినీళ్లలో నానబెడితేగానీ వంగదు. ముక్కు దగ్గర ఓడ సన్నబడుతుంది కాబట్టి ప్రతి పట్టీనీ ఆ కొసన చెక్కి సన్నం చేయాలి, లేకపోతే ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. మా సంఘంలో సగం మంది ఈ ముక్కు దగ్గరే చేతులెత్తేశారు. జిగురు ఆరేదాకా ముట్టుకోకండి. ముట్టుకోవాలనిపిస్తే గది బయటికి వెళ్లిపోండి.

ప్రతి దశలోనూ ఫోటో తీసి పంపి, నా జవాబు వచ్చాకే ముందుకు వెళ్లండి.

భవదీయుడు,
పీటర్.

తా.క.: ఈ ప్లాను తీసుకున్నవాళ్లు చాలామంది. పూర్తిచేశామని రాసినవాళ్లు ఇంతవరకు లేరు. భయపెట్టడానికి కాదు, ముందే తెలియాలని రాశాను.


నారాయణఖేడ్,
సెప్టెంబరు 28.

నమూనాల పీటర్ గారికి సిద్ధలింగమ్మ శరణార్థులు.

మీ తాజా కలం చదివి నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. హాస్టల్లో నూటయాభై మంది పిల్లలకు వేళకు అన్నం తినిపించినదాన్ని, ఒక ముక్కు దగ్గర చేతులెత్తేస్తానా?

మొదట వడ్రంగి దగ్గర టేకు పట్టీలు తెచ్చాను. వంగమంటే విరిగాయి. తరువాత పళ్ల దుకాణంలో ద్రాక్షపెట్టె అడిగి తెచ్చి చీల్పించాను. అది కూడా వేడినీళ్లకు సరిగ్గా లొంగలేదు. ఇలా కాదని ఇడ్లీ గిన్నెలో పెట్టి ఆవిరి పట్టించాను, మైనంలా వంగింది. మధ్యలో మా ఆయన టిఫిన్ కోసం వచ్చి మూత తీసి చూశారు. "ఇయ్యాల ఇడ్లీలు ఇంత పొడుగుగున్నయేంది?" అన్నారు. ఆ రోజు ఇద్దరం అటుకులు తిన్నాం.

ముక్కు దగ్గర పట్టీలు ఎక్కాయి. ఊడదీశాను. మళ్లీ చెక్కాను, మళ్లీ ఎక్కాయి. మూడోసారి కుదిరాయి. గుండుసూదులతో బిగించి, మీరన్నట్టు గది బయటికి వెళ్లిపోయి తాళం వేసి, తాళంచెవి పక్కింటి నర్మద దగ్గర పెట్టాను. నర్మద మా వీధిలో జాకెట్లు కుడుతుంది. నేనెంత అడిగినా జిగురు ఆరేదాకా తాళంచెవి ఇవ్వొద్దని చెప్పాను. అడిగాను కూడా. ఆమె ఇవ్వలేదు.

ఓడ ఒళ్లు పూర్తయింది. ఫోటో పంపుతున్నాను. మధ్యమధ్య ఫోటోలు పంపనందుకు ఏమీ అనుకోవద్దు, మీ జవాబు వచ్చేదాకా ఆగితే కంది పూతకొస్తుంది. ప్లానులో ఉన్నది ఉన్నట్టు చేశాను. ఒక పక్క బొద్దుగా, రెండో పక్క గోడలా చదునుగా.

ఆ చదును పక్క ఎందుకో మొదట అర్థం కాలేదు. తరువాత ఆలోచిస్తే తెలిసింది. సరుకు ఓడ కాబట్టి ఒడ్డుకు ఆనించి బస్తాలు దింపాలి. రెండు పక్కలా బొద్దుగా ఉంటే ఒడ్డుకూ ఓడకూ మధ్య సందు పడి బస్తా నీళ్లపాలవుతుంది. మా ఆయన కూడా గోదాము అరుగుకు లారీని ఇలాగే ఆనించి పెట్టిస్తారు. ఓడలు కట్టేవాళ్లు తెలివైనవాళ్లు.

ఇట్లు,
సిద్ధలింగమ్మ.

తా.క.: తాళ్లకు చిన్న చిన్న కప్పీలు ఉండాలని గీశారు కదా. యాభైలో ఒక వంతుకు కందిగింజ సరిగ్గా సరిపోయింది. సన్నని సూదిని కాల్చి బెజ్జాలు వేస్తున్నాను. సరుకు ఇంట్లోదే.


విశాఖపట్నం,
అక్టోబరు 7.

సిద్ధలింగమ్మ గారికి పీటర్ నమస్కారాలు.

మీ ఫోటో చూసినప్పుడు నా చేతిలో టీ ఉంది. ఇప్పుడు చొక్కా మీద ఉంది.

అమ్మా, ఏ ఓడకూ చదును పక్క ఉండదు. మీరు చేసింది సగం ఓడ. రెండు పక్కలూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి ఓడల ప్లానులో ఒక పక్కే గీస్తారు. లోకమంతటా ఇదే పద్ధతి. ఇది చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. మీరు నా జవాబు కోసం ఆగి ఉంటే పక్కటెముకల దగ్గరే పట్టుకునేవాణ్ణి.

కంగారేమీ లేదు. అదే ప్లాను మళ్లీ బల్ల మీద పరిచి ఇంకో సగం చేయండి. రెండు వెన్నుపలకలూ వీపుకు వీపు పెట్టి అతికిస్తే ఓడ అవుతుంది.

కోపంలో ఉన్నా ఒకటి ఒప్పుకోవాలి. ముక్కు దగ్గర పట్టీలు భూతద్దం పెట్టి చూశాను. ఎక్కడా ఎక్కలేదు. ఆ ఇడ్లీ గిన్నె సంగతి మా సంఘంలో చెప్పాను, ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు.

కందిగింజలు మాత్రం వద్దు. పప్పుకు పురుగు పడుతుంది. ఒకటికి యాభై కొలతలో ఆ పురుగు పిల్లికూనంత ఉంటుంది. అంత పురుగులు పాకే ఓడలో ఏ నావికుడూ ఎక్కడు.

భవదీయుడు,
పీటర్.

తా.క.: మీ చదును పక్క ఆలోచన సంఘంలో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం లేచి, సరుకు దింపడానికి ఆ పద్ధతి బాగానే ఉంటుందన్నారు. ఆయనను పట్టించుకోకండి.


నారాయణఖేడ్,
నవంబరు 8.

పీటర్ గారికి సిద్ధలింగమ్మ రాయునది. శరణార్థులు చెప్పే ఓపిక ఈసారి లేదు.

అది సగం ఓడ అని మీరు రాసిన ఉత్తరాన్ని మా ఆయన ముందుగా చదివారు. కవరు మీద నా పేరే ఉంది, అయినా చదివారు. చదివి దుకాణానికి వెళ్లిపోయారు. ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పారట. "మా సిద్ధమ్మ ఓడ జేసింది. ఎంత జేసిందో అడుగుండ్రి." కంగ్టి నుంచి కందుల బేరానికి వచ్చిన మనిషి కూడా నన్ను చూసి నవ్వి వెళ్లాడు.

నేను పట్టించుకోలేదు. బల్ల మీద అదే ప్లాను పరిచాను. వంట గంటలో ముగించి మిగిలిన పొద్దంతా పనిచేశాను. పక్కటెముకలు కోశాను, ఆవిరి పట్టాను, చెక్కాను, అతికించాను. చేయి తిరిగింది కాబట్టి ఈసారి ముక్కు మొదటి దెబ్బకే కుదిరింది. నిన్న రెండు సగాలూ తెచ్చి వీపుకు వీపు పెట్టాను.

ముక్కు పక్కన తోక వచ్చింది. ఒకటి తిప్పి పెడితే అడుగు పైకి వచ్చింది. ఎటు తిప్పినా కుదరదు. నర్మదను పిలిచాను. ఆమె ఒక్క చూపు చూసి, "అక్కా, రెండు చేతులు ఎడమ చేతులే కుట్టినవు. రెండోదానికి కాయితం బోర్లించాలె గదా" అంది. జాకెట్లు కుట్టే మనిషికి తెలిసిన సంగతి, ఓడల సంఘం నడిపే మనిషి ఉత్తరంలో రాయాలా వద్దా? అదే ప్లాను మళ్లీ పరవమన్నది మీరు. పరిచాను. బోర్లించమని ఎక్కడ రాశారో చూపించండి.

మా ఆయన వచ్చి చూశారు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆయనకు మా ఇంటి కన్నడమే ముందొస్తుంది. "ఇదేను?" అన్నారు. ఏందిది అని. తరువాత చుట్టూ తిరిగి, "గీ ఓడ ముందుకు వోతదా, ఎనుకకు వోతదా? డ్రైవరు యాడ కూసుంటడు?" అన్నారు. మా మరిది కొడుకు రుద్రేష్ దుకాణంలో ఆయన దగ్గరే ఉంటాడు. వాడు టేపు తెచ్చి గది పొడుగు, వెడల్పు కొలిచి, "పెద్దమ్మా, జర జరుగు" అని నా బల్లను కూడా కొలిచాడు. చేన్లలో కాయ గట్టిపడుతోంది.

మీ సంఘంలో ఎవరూ పూర్తిచేయలేదని రాశారు. ఎందుకు చేయలేదో నాకిప్పుడు తెలిసింది. వాళ్లందరూ మీ ఉత్తరాలు చదివే ఉంటారు.

నేను మాత్రం ఆపను. ఇవాళే మూడో సగం మొదలుపెట్టాను.

సిద్ధలింగమ్మ.

తా.క.: కందిగింజలు తీసేశాను. కప్పీలకు పూసల బసవన్నను విప్పాను. ఉన్న ఒక్క కొమ్మూ పోయింది.


విశాఖపట్నం,
నవంబరు 17.

సిద్ధలింగమ్మ గారికి పీటర్ క్షమాపణలతో నమస్కారాలు.

తప్పు నాదే. బోర్లించమని రాయలేదు. ప్లానును కిటికీ అద్దానికి బోర్లా ఆనించి, వెనక కనిపించే గీతల మీద పెన్సిలుతో దిద్దుకుంటే కుడి పక్క వస్తుంది. నలభై ఏళ్లు ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఈ ఒక్క వాక్యం రాయడం మరిచాను.

అయితే లెక్క వేసి చూశాను. పక్కటెముకలు, పట్టీలు, నునుపు చేయడం, రంగు, తెరచాపలు, తాళ్లు. కంది కోతలోపు మూడో సగం పూర్తికాదు. మీరు నిద్ర మానేసినా జిగురు తన వేళకే ఆరుతుంది.

అందుకని పార్శిల్లో ఒక కుడి పక్క పంపుతున్నాను. ఇదే ప్లాను, ఇదే కొలత. మీ ఎడమ పక్కల్లో బాగా కుదిరినదాన్ని దీనికి అతికించండి. తెరచాపలు కట్టి బల్ల మీద నిలబెట్టండి. మీ ఆయనకు ఏమీ చెప్పనక్కర్లేదు. నా మూలంగా పోయిన రోజులకు ఇది బదులు. గది మీకు దక్కాలి.

భవదీయుడు,
పీటర్.

తా.క.: తాళ్లకు వాడే దారానికి తేనెమైనం రాయండి. లేకపోతే దారం నూగు లేచి, యాభై వంతుల కొలతలో తాడుకు గడ్డం పెరిగినట్టు కనిపిస్తుంది.


నారాయణఖేడ్,
డిసెంబరు 1.

పీటర్ గారికి సిద్ధలింగమ్మ శరణార్థులు. ఈసారి మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

పార్శిల్ అందింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడే విప్పాను. ఓడ ముక్కును చాలాసేపు వేలితో నిమిరాను. పట్టీకి పట్టీకి మధ్య సందు ఉందో లేదో వేలికి తెలియలేదు. నా ఎడమ పక్క తెచ్చి ఆనించాను. అతుక్కుంది. జిగురు లేకుండానే నిలబడింది. నా బల్ల మీద మొదటిసారి ఒక నిండు ఓడ ఉంది.

ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. జిగురు డబ్బా మూత తీశాను కూడా. తరువాత మూత పెట్టేశాను. ఇది అతికిస్తే ఓడలో సగమే నాది. సగం అన్న మాట పడలేకే కదా నేను ఇంత దూరం వచ్చింది. మా ఆయనకు తెలియకపోవచ్చు. ఆ గదిలో కూర్చున్నప్పుడల్లా నాకు తెలుస్తుంది.

కాబట్టి మీ కుడి పక్కను పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. నా కుడి పక్కకు పక్కటెముకలు అతికించాను. పట్టీలు కోస్తున్నాను. సిర్గాపూర్ వైపు చేన్లలో కంది కోత మొదలయిందని రుద్రేష్ కావాలనే నా దగ్గరికొచ్చి చెప్పాడు. చెప్పుకోనీ.

ఒక్క సంగతి అడుగుతాను. ఏమీ అనుకోకండి. మీ దగ్గర కుడి పక్క ఒక్కటే ఎందుకుంది? దాని ఎడమ పక్క ఏది?

ఇట్లు,
సిద్ధలింగమ్మ.

తా.క.: తెరచాపలకు మా ఆయన పాత పంచె చించాను. పాతదే అనుకున్నాను. కాదట.


విశాఖపట్నం,
డిసెంబరు 10.

సిద్ధలింగమ్మ గారికి పీటర్ నమస్కారాలు.

అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఈ ఓడను నా కోసం మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు ఓడలు కట్టే కంపెనీ కోసం నమూనాలు చేశాను. ఒక్కటైనా నా ఇంట్లో ఉండాలనుకున్నాను. కుడి పక్క ముందు చేశాను. ఎడమ పక్కకు ప్లాను గీసి సిద్ధంగా పెట్టుకున్నాను. మీ దగ్గరున్నది అదే ప్లాను. అప్పుడే చేతులకు వణుకు మొదలైంది. డాక్టరు మందులిచ్చారు, వణుకు కొంచెం తగ్గింది గానీ గుండుసూది పట్టుకునేంత తగ్గలేదు. నా ఉత్తరాలన్నీ టైపులో రావడం మీరు గమనించే ఉంటారు.

ఎడమ పక్క కాగితం మీదే ఉండిపోయింది. ఎవరైనా చేస్తే చూద్దామని అడిగినవాళ్లందరికీ ప్లాను పంపుతూ వచ్చాను. కొందరు కోపంగా ఉత్తరాలు రాసి మానేశారు. కొందరు రాయకుండానే మానేశారు. మీరు కోపంగా రాశారు గానీ మానలేదు. పైగా రెండుసార్లు చేశారు. మీరు పంపిన మొదటి ఫోటో నా బల్ల మీద ఉంది. చొక్కా మీద టీ పోసుకున్నానని రాశాను, అది కోపంతో కాదు.

ఆ కుడి పక్క నాకు తిరిగి పంపకండి. మీ గది దక్కించుకోండి. నాకు అదే చాలు.

మీ
పీటర్.

తా.క.: మీ ఆయనకు కొత్త పంచె కొనిపెట్టండి. తెరచాప గుడ్డ ఎప్పుడూ ఓడ యజమాని ఇష్టంతోనే తీసుకోవాలి.


నారాయణఖేడ్,
జనవరి 6.

పీటర్ గారికి సిద్ధలింగమ్మ శరణార్థులు.

మీ ఉత్తరం చదివాక నాకు ఏడుపు వచ్చింది. తరువాత మీ మీద కోపం వచ్చింది. ఈ మాట ఆగస్టులోనే రాసి ఉంటే రెండో ఎడమ పక్కను తప్పు అనుకుని అన్ని తిట్లు తిట్టేదాన్ని కాదు.

అప్పటికి నా కుడి పక్కకు ముక్కు దగ్గర పట్టీలు సగం కూడా పడలేదు. కందులు దిగేలోపు ఒక్క ఓడే పూర్తవుతుంది. నాదా, మీదా అని ఎక్కువ ఆలోచించలేదు. నాది నేను ఎప్పుడైనా చేసుకోగలను, నా చేతులు బాగానే ఉన్నాయి. బీరువాలోంచి మీ కుడి పక్క తీశాను. నా ఎడమ పక్కల్లో రెండోది బాగా కుదిరింది కాబట్టి దాన్ని మీకు పెట్టాను. అతికించి, గట్టిగా బిగించి, తాళంచెవి మళ్లీ నర్మద చేతికి ఇచ్చాను. ఆరాక నునుపు చేశాను. స్తంభాలు నిలబెట్టాను. తాళ్లకు తేనెమైనం రాసి, పూసల కప్పీల్లోంచి ఒక్కొక్కటే లాగాను. ఏ తాడుకూ గడ్డం లేదు. తెరచాపలు కట్టాను. నిన్న పొద్దున మీ ఓడ పూర్తయింది.

నిన్న మధ్యాహ్నమే కందుల బండి వచ్చింది.

నేను నా బల్ల సర్దుతున్నాను. ఒప్పందం ఒప్పందమే. రుద్రేష్ మొదటి బస్తా వీపు మీద పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. వెనక మా ఆయన వచ్చారు. ఓడను చూశారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. తన సరుకు దించే గదిలోకి ఆయన ఎప్పుడూ చెప్పులతోనే వెళ్తారు. వంగి ముక్కు చూశారు, తాళ్లు చూశారు, తన పంచెను కూడా గుర్తుపట్టారు.

"అయ్యిందా?" అన్నారు.

"అయ్యింది. కని నాది కాదు" అన్నాను.

"మరెవలిది?"

"విశాఖపట్నం పీటర్ గారిది. కుడి పక్క ఆయన జేసిండు, ఎడమ పక్క నేను జేసిన. ఆయన చేతులు వణుకుతయి, అందుకని పూర్తి చేసిన. నాది గిదో, ఇంక సగమే ఉన్నది." పక్కనున్న నా ఓడను చూపించాను. ఆ సగం అన్న మాట నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. "బస్తాలు దింపుకోండ్రి. నేను ఓడిన."

రుద్రేష్ బస్తా కింద వంగిపోయి, "పెద్దనాయనా, యాడ దించాలె? నడుము వోతుంది" అన్నాడు.

మా ఆయన ఓడ వైపే చూస్తూ, "ఆయన సరుకు నీ తాన పెట్టిండా?" అని అడిగారు. పెట్టారన్నాను. "తిరిగి తీసుకపోయిండా?" ఇంకా లేదన్నాను.

పీటర్ గారూ, మా దుకాణంలో మా మామగారు పెట్టిన ఒక కట్టుబాటు ఉంది. నమ్మి మన దగ్గర దాచుకున్న పరాయి సరుకును అమానతు అంటాం. అమానతు ఉన్న గదిలో మన సరుకు వేయకూడదు. కలిసిపోతే నమ్మకం పోతుందని. దాని యజమాని తానే వచ్చి, చూసుకుని తీసుకుపోయేదాకా ఆ గది ఆయనదే. ఎవరో రైతు దాచుకున్న నాలుగు బస్తాల ధనియాల కోసం మా మామగారు ఒక కరువు ఏడాదంతా గోదాము ఖాళీగా ఉంచారని మా అత్త చెప్పేది.

మా ఆయన రుద్రేష్ వైపు తిరిగారు. "బస్తా బయటికి తియ్యి. గీ గదిల అమానతు ఉన్నది."

"మరి గివన్ని యాడ ఏసుడు?"

"నా మంచం పక్కపొంటి ఎయ్యి."

ఆ మాటతో ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు మా పడకగదిలో కిటికీ దాకా బస్తాలే. మంచం ఎక్కాలంటే ఆయన పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని వెళ్లాలి. నేను అడిగితే, "కట్టుబాటు కట్టుబాటే, నా చేతిల ఏమున్నది" అంటున్నారు. ఇన్నేళ్లలో ఈ కట్టుబాటు మాట ఆయన నోట నేను వినడం ఇదే మొదలు.

నేను గది గెలవలేదు, ఓడలేదు. గది మీది. మీ గదిలో కూర్చుని నా కుడి పక్క చేసుకుంటున్నాను. ముక్కు దగ్గరికి వచ్చాను. పూర్తి చేస్తాను, అందులో అనుమానం లేదు.

మీరు రండి. తప్పకుండా రండి. హైదరాబాద్‌లో దిగి నారాయణఖేడ్ బస్సెక్కితే మా ఇంటి ముందే దిగవచ్చు. మీ ఎడమ పక్క ఎలా ఉందో చేత్తో నిమిరి చూసుకోండి. చేయి వణికినా ఏం కాదు, బిగువుగానే అతికించాను. కానీ ఓడను మాత్రం అప్పుడే తీసుకుపోకండి.

ఇట్లు,
సిద్ధలింగమ్మ.

తా.క.: ఈ ఉత్తరాన్ని కూడా మా ఆయనే ముందు చదివారు. కింద తానూ నాలుగు ముక్కలు రాస్తానని పెన్ను లాక్కున్నారు.

పీటర్ గారికి జగదేవప్ప శరణు. మీ సరుకు భద్రంగ ఉన్నది. దుమ్ము పొద్దుగాల పొద్దుగాల నేనే దులుపుతున్న. మీరు వచ్చి చూసి పోండ్రి. మళ్లొక్కసారి వస్తే గూడ చూసి పోండ్రి. తీసుకపోయేటందుకు తొందర ఏం లేదు. ఆమెది అయ్యేదాక నాకు బస్తాల నడుమ మంచిగనే నిద్ర వడ్తుంది.